చర్బీ కన్నా ముందు ఫైసలా

"భాయ్‌జాన్, పొట్ట మీది చర్బీ ఆపరేషన్‌తో తీయించుకోనా?" అని చెల్లి అడిగింది. జవాబుకి బదులు తారీఖ్ చెప్పాను.

1920ల్లో పారిస్‌లో దుజారియే అనే సర్జన్ ఒక యువతి కాళ్లను సన్నబరచబోయాడు. గాంగ్రీన్ వచ్చి కాలే తీసేయాల్సి వచ్చింది. ఆమెకు బీమారీ ఏమీ లేదు, ఖూబ్‌సూరతీ మీద ఖ్వాహిష్ తప్ప. మామ్లా అదాలత్‌కెక్కింది.

1977లో అదే పారిస్‌లో డాక్టర్ ఇలూజ్ మొద్దుమొన గొట్టంతో చర్బీ పీల్చే తరీఖా తెచ్చాడు. 1980ల్లో అమెరికా డాక్టర్ క్లైన్, మత్తుమందు కలిపిన సెలైన్ ముందే ఎక్కించి రక్తస్రావం బాగా తగ్గించాడు. ఖత్రా తగ్గింది, ఖతమ్ కాలేదు. పైగా ఇది మోటాపాకు ఇలాజ్ కాదు, ఒకచోట ఆకారం దిద్దడమే.

"ఎవరి కోసం?" అన్నాను.

"ససురాల్‌లో మాటలు పడలేక."

"అయితే ఈ ఫైసలా నీది కాదు మున్నీ. నీదైన రోజు చెప్పు, డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తా."