గల్లాపెట్టె దగ్గర విద్యార్థి

బీద దేశాల్లోని చిన్న వ్యాపారులకు కాలేజీ విద్యార్థులు సాయపడటం అంటే ఇప్పుడు అందరికీ తోచేది సలహా. వ్యాపార విద్య చదివే కుర్రాళ్లు కొన్ని వారాలు ఓ బేకరీ యజమాని దగ్గరో, దర్జీ దగ్గరో ఉంటారు. పద్దులు ఎలా రాయాలో, సరుకుకు ధర ఎలా కట్టాలో చెప్పి, ఓ నివేదిక చేతిలో పెట్టి వెళ్లిపోతారు. విద్యార్థి చేయగల సాయం ఇంతేనన్న అభిప్రాయం విశ్వవిద్యాలయాల్లో బాగా పాతుకుపోయింది. అయితే ఈ అరవై ఏళ్ల చరిత్రను వరసపెట్టి చూస్తే తేలేది వేరు. చిన్న వ్యాపారికి విద్యార్థులు గట్టిగా అక్కరకొచ్చిన చోటల్లా వాళ్లు గురువులుగా రాలేదు. లెక్కలు రాసుకోవడానికి, ఇంటింటికీ తిరగడానికి, బ్యాంకుకూ వ్యాపారికీ నడుమ కాగితాలు మోయడానికి వచ్చారు. పాఠం చెప్పడం తర్వాత వచ్చి చేరింది. ఫలితాలు పలచబడటం మొదలైంది కూడా అప్పటినుంచేనని నా వాదన.

మొదటి అడుగు వేసినవాళ్ల మనసులో వ్యాపారం అనే మాటే లేదు. బర్కిలీలో న్యాయశాస్త్రం చదువుతున్న జోసెఫ్ బ్లాచ్‌ఫర్డ్ టెన్నిస్ ఆడుతూ లాటిన్ అమెరికా నగరాలెన్నో చుట్టివచ్చాడు. పెద్ద నగరాల అంచున పెరుగుతున్న మురికివాడలు అతని కళ్లలో నిలిచిపోయాయి. 1961లో కంపెనీల నుంచి 90 వేల డాలర్లు పోగుచేసి, ముప్పై మంది వలంటీర్లతో వెనెజువెలా చేరాడు. అలా పుట్టిన సంస్థే ఆక్సియోన్. ఆ యువకులు వాడల్లో బడులు కట్టడం, నీటి గొట్టాలు వేయడం లాంటి పనుల్లో పడ్డారు. దాదాపు పదేళ్లు గడిచాక సంస్థ తన పనిని తానే తూచి చూసుకుంది. బడి వచ్చింది, నీళ్లొచ్చాయి, కానీ వాడలోని మనిషికి సంపాదన మార్గం పెరగలేదు. పల్లె వదిలి నగరానికొచ్చినవాడు కొలువు దొరక్క చెప్పులు కుట్టుకునో, తినుబండారాలు అమ్ముకునో పొట్టపోసుకుంటున్నాడు. అతనికి పెట్టుబడి పెట్టేది వడ్డీ వ్యాపారి ఒక్కడే.

ఈ గుర్తింపులోంచి వచ్చిన ప్రయోగం 1973లో బ్రెజిల్ ఈశాన్యాన రెసీఫీ నగరంలో మొదలైంది. యూనో అన్న పొట్టి పేరుతో పిలిచే స్థానిక సంస్థ ఆక్సియోన్ తోడ్పాటుతో చిన్నచిన్న వ్యాపారులకు అప్పు ఇప్పించే పని పెట్టుకుంది. అది తన చేత్తో డబ్బివ్వలేదు. దరఖాస్తు సిద్ధం చేసి బ్యాంకుకు పంపేది. ఆ సిద్ధం చేసే పనిలో ఊళ్లోని విశ్వవిద్యాలయ విద్యార్థులను రోజులో కొంతసేపు పనికి పెట్టుకుంది. ఏ పుస్తకంలోనూ లెక్క రాయని వ్యాపారికి నెలకు ఎంత వస్తోంది, సరుకు ఎంత ధరకు కొంటున్నాడు, ఎవరికి ఎంత బాకీ అన్నవి అతని నోటివెంట రాబట్టి, బ్యాంకు గుమస్తాకు అర్థమయ్యే రూపంలోకి మార్చడమే వాళ్ల పని. చదువుకున్న కుర్రాడికి ఇది పెద్ద విద్యేమీ కాదు. కానీ ఆ వ్యాపారికీ బ్యాంకుకూ మధ్య అప్పటిదాకా అడ్డుపడిన గోడ సరిగ్గా అదే. నాలుగేళ్లలో 885 అప్పులు ఇప్పించామని, 1,386 కొలువులు కొత్తగా వచ్చాయనో నిలబడ్డాయనో ఆక్సియోన్ లెక్క చెప్పుకుంది. సొంత లెక్క కాబట్టి కొంత తగ్గించుకునే చదవాలి. పైగా ఒక్కో చిన్న అప్పు వెనక ఇంత తిరుగుడుంటే ఖర్చు గిట్టుబాటు కాదన్న విమర్శ ఆనాడే వచ్చింది. అది న్యాయమైన విమర్శే.

ఆ ఖర్చు చిక్కుకు పూర్తిగా కాకపోయినా కొంత జవాబు దొరికింది బంగ్లాదేశ్‌లో. అమెరికాలో డాక్టరేట్ చేసి 1972లో తిరిగొచ్చిన ముహమ్మద్ యూనుస్ చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర విభాగాన్ని నడుపుతున్నాడు. 1974లో కరువొచ్చింది. క్యాంపస్ గోడ పక్కనే జోబ్రా అనే ఊరు. అక్కడికి విద్యార్థులను తీసుకెళ్లి సర్వేలు చేయించాడు. తర్వాతి ఏడాది రైతులతో మూడు వాటాల ఉమ్మడి సాగు పెట్టించాడు. అందులో లాభపడింది భూమి ఉన్నవాళ్లేనని తేలాక భూమి లేనివాళ్ల వైపు చూపు మళ్లింది. 1976లో ఆ ఊళ్లో వెదురుతో పీటలల్లే ఒకామె లెక్క బయటపడింది. వెదురుకు ఐదు టాకాలు దళారి దగ్గర తీసుకుని, పీట మళ్లీ అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. ఆమెకు మిగిలేది యాభై పైసలు. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని, నేసిన చీర అతనికే అప్పగించే మన చేనేత ఇళ్ల సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనబడదు. ఇలాంటివాళ్లు ఊళ్లో ఇంకా ఎందరున్నారో రాసుకురమ్మని యూనుస్ ఒక విద్యార్థినిని పంపాడు. ఆమె 42 పేర్లతో పట్టిక తెచ్చింది. అందరికీ కలిపి కావలసిన పెట్టుబడి 856 టాకాలు, అంటే 27 డాలర్లకు లోపే.

ప్రపంచమంతా ఆ 27 డాలర్లనే గుర్తుపెట్టుకుంది. నాకు ఆ పట్టికే ముఖ్యంగా కనిపిస్తుంది. డబ్బు ఒక ప్రొఫెసరు జేబులో సరిపోయేంత. ఎవరికి ఎంత కావాలన్న సమాచారం మాత్రం ఏ బ్యాంకు దగ్గరా లేదు. అది కాలినడకన తిరిగితేనే వస్తుంది, తిరిగింది విద్యార్థిని. తర్వాతి పనీ ఇలాగే సాగింది. పరదా పాటించే ఇళ్లలోకి మగవాడు వెళ్లకూడదు కాబట్టి యూనుస్ నాలుగిళ్ల నడుమ ఖాళీ జాగాలో నిలబడేవాడు. విద్యార్థినులు లోపలికెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల సందేహం బయటికి తెచ్చి, జవాబు మళ్లీ లోపలికి చేరవేసేవారు. మొదట్లో అప్పు రోజుకింత చొప్పున తీర్చే ఏర్పాటు చేసి, వసూలు బాధ్యత ఊరి మధ్యలో కిళ్లీకొట్టు పెట్టుకున్నవాడికి అప్పజెప్పారు. కట్టినవాళ్ల పేరు ఎదురుగా నోట్‌బుక్‌లో టిక్కు పెట్టాలి. ఎన్నాళ్లో గడవకముందే నేను కట్టానని ఒకరు, కట్టలేదని అతను, ఒకటే తగువు. దాంతో వారం కిస్తీకి మారారు. సూక్ష్మరుణమంటే గుర్తొచ్చే వారం కిస్తీ ఏ సిద్ధాంత గ్రంథంలోంచీ ఊడిపడలేదు. రోజువారీ లెక్క కిళ్లీకొట్టు దగ్గర తేలకపోతే పుట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి. జోబ్రాలో పనిచేసింది ప్రొఫెసరు పలుకుబడి కాదా? అక్కడి జనతా బ్యాంకు తాకట్టు లేకుండా అప్పివ్వడానికి ఒప్పుకోక, నెలల తరబడి తిప్పించుకుని, 1976 డిసెంబరులో డబ్బు విడుదల చేసింది యూనుస్ స్వయంగా హామీ ఉన్నందుకే. ఆ మాట నిజమే. విద్యార్థులు మాత్రమే వెళ్లి ఉంటే మేనేజరు కూర్చోమని కూడా అనేవాడు కాదు. కానీ పలుకుబడితో ఒక ఊళ్లో అప్పు పుట్టించవచ్చు గానీ, దాన్ని వందల ఊళ్లకు తీసుకెళ్లడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు మొదట ఆ తరగతి గదిలోంచే వచ్చారు. 1979లో పని టాంగైల్ జిల్లాకు పాకింది. 1983లో అదే గ్రామీణ్ బ్యాంకుగా చట్టబద్ధమైంది. ఆ ప్రయాణమంతా వెంట నడిచిన నూర్జహాన్ బేగం, దీపాల్ చంద్ర బారువా ఇద్దరూ జోబ్రా రోజుల విద్యార్థులే. ఇద్దరూ బ్యాంకు పైస్థాయికి ఎదిగారు. బారువా తర్వాత గ్రామీణ్ శక్తి ద్వారా పల్లె ఇళ్లకు సౌర విద్యుత్తు చేర్చి 2009లో జాయెద్ ఫ్యూచర్ ఎనర్జీ బహుమతి అందుకున్నాడు. వీళ్లు జోబ్రాకు ఒక సెమిస్టరు ప్రాజెక్టు కోసం వచ్చి మార్కులు వేయించుకుని పోయి ఉంటే ఆ పట్టిక ఏ బీరువాలోనో మగ్గిపోయేది.

ఆ దారి ఎక్కడికి చేరిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. షికాగోలో పరిశోధక విద్యార్థిగా ఉన్న విక్రమ్ ఆకుల మెదక్ జిల్లాలో మొదలుపెట్టిన సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఆ అక్టోబరులోనే, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మీదా బాకీదారుల ఆత్మహత్యల మీదా గగ్గోలు రేగి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అంతకుముందే హైదరాబాదు బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు స్పందన సంస్థ అప్పుల మీద చేసిన అధ్యయనం కూడా నిరుత్సాహపరిచే మాటే చెప్పింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచుకున్నారు గానీ, కుటుంబాల ఖర్చులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అలాగైతే విద్యార్థుల ఆ శ్రమంతా వృథాయేనా? వృథా అయింది శ్రమ కాదని నేననుకుంటాను. రెసీఫీలో, జోబ్రాలో అప్పిచ్చే ముందు ఆ వ్యాపారి ఏం కొంటున్నాడు, ఏం అమ్ముతున్నాడు అని అడిగే మనిషి ఒకడున్నాడు. సంస్థలు పెరిగేకొద్దీ ఆ ప్రశ్న ఖర్చుగా కనిపించి, మీటింగులో హాజరు, కిస్తీ వసూలు మాత్రం మిగిలాయి. అప్పు నిలిచింది, అడిగే మనిషి పోయాడు.

అప్పు ఒక దారి పట్టగా, పాఠం మరో దారిన వచ్చింది. దాని మూలాల్లో ఒకటి మన కాకినాడ. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపన పెంచే శిక్షణ ఇప్పించాడు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని రాజమండ్రిని తీసుకున్నాడు. నేర్చుకున్నవాళ్లు వ్యాపారంలో ఎక్కువ చురుకు చూపారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ప్రచురించాడు. మనిషి బుర్రలో మార్పు తెస్తే వ్యాపారం దానంతటదే మారుతుందన్న నమ్మకం అక్కణ్నుంచి బలపడింది. ఆ తర్వాత కాలేజీలే ఈ పనికి పూనుకున్నాయి. అమెరికాలో 1975లో మొదలై నేడు ఎనాక్టస్‌గా ఎన్నో దేశాల్లో ఉన్న విద్యార్థి సంస్థ, కమ్యూనిజం కూలిన తూర్పు యూరప్‌కు 1990ల్లో పట్టభద్రులను పంపిన ఎంబీఏ ఎంటర్‌ప్రైజ్ కోర్, ఎంఐటీ ప్రయోగ తరగతి, ఇలా ఎన్నో వచ్చాయి. విద్యార్థి ఇప్పుడు సలహాదారు. చదువుకు క్రెడిట్లు, బయోడేటాలో ఒక వాక్యం. ఈ లాభం మీద నాకేం అభ్యంతరం లేదు గానీ, అది ఎవరి లాభమో మరిచిపోకూడదు.

మరి వ్యాపారికి ఏం దక్కింది? గడిచిన పదిహేనేళ్లలో దీన్ని కొలిచిన అధ్యయనాలు బాగానే వచ్చాయి. ఘనాలో 160 మంది దర్జీలకు ఎర్నెస్ట్ అండ్ యంగ్ మనుషుల చేత సలహా ఇప్పించి చూశారు. వాళ్లు కొన్నాళ్లు లెక్కలు రాశారు, పద్ధతులు మార్చారు. లాభం పెరగలేదు. ఏడాది తిరిగేసరికి పాత పద్ధతికే వచ్చేశారు. అంతటి కంపెనీ మనుషుల మాటే నిలవనప్పుడు మూడో సంవత్సరం విద్యార్థి మాట ఎంతకాలం నిలుస్తుంది? డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకాస్త ఆసక్తికరమైన సంగతి తేలింది. కొందరికి జమాఖర్చుల పాఠం సక్రమంగా చెప్పారు. మరికొందరికి తేలిక సూత్రాలు మాత్రం ఇచ్చారు. దుకాణం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకోవాలి, రెండూ కలపకూడదు, యజమాని తనకింతని జీతం తీసుకోవాలి. పాఠం విన్నవాళ్లలో మార్పు అంతంతమాత్రం, సొరుగులు వేరు చేసినవాళ్లలో స్పష్టంగా కనిపించింది. ఇక నైరోబీలోని డండోరాలో ఒక జట్టు మహిళలకు స్ట్రాత్‌మోర్ విశ్వవిద్యాలయ అధ్యాపకుల చేత తరగతులు చెప్పించారు. మరో జట్టుకు ఆ వాడలోనే వ్యాపారంలో నిలదొక్కుకున్న మహిళను ఒక్కొక్కరికి తోడిచ్చారు. తరగతి వల్ల లాభంలో తేడా రాలేదు. తోడు దొరికినవాళ్ల లాభం సగటున 20 శాతం పెరిగింది. కారణం చూస్తే, ఆమె చెప్పింది సిద్ధాంతం కాదు, ఏ టోకు వర్తకుడి దగ్గర సరుకు తక్కువకు దొరుకుతుందో చెప్పింది.

సలహా ఎక్కడా పనిచేయలేదని చెబితే అబద్ధమవుతుంది. ముంబై పరిసరాల బట్టల మిల్లుల్లో నిపుణుల సలహాతో తొలి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మెక్సికోలోని ప్వెబ్లాలో వారానికి నాలుగు గంటల చొప్పున ఏడాదిపాటు సలహా అందుకున్న సంస్థలూ బాగుపడ్డాయి. అయితే ముంబై మిల్లుల్లో వందల మంది పనివాళ్లున్నారు, ఒక్కో మిల్లుకు అందిన సలహా ఖరీదు మార్కెట్‌లో రెండున్నర లక్షల డాలర్లు. మెక్సికోది ఏడాది పొడవునా సాగిన పని. తోపుడుబండి దగ్గరికి నాలుగు నెలల కోసం వచ్చే విద్యార్థికి వీటితో పోలిక కుదరదు. ఇంకొందరు అడిగేది వేరు: ఉచితంగా పనిచేసే విద్యార్థి ఆ ఊళ్లో లెక్కలు రాసి బతికే గుమస్తా పొట్ట కొట్టడా? గుమస్తాను పెట్టుకునే స్థోమత ఉన్న వ్యాపారి దగ్గరికి వెళితే కొడతాడు. రెసీఫీ కుర్రాళ్లు వెళ్లింది ఆ స్థోమత లేనివాళ్ల దగ్గరికి.

విద్యార్థికి వ్యాపారం తెలియదు, అది నిజం. జోబ్రాకు వెళ్లిన అమ్మాయికీ వెదురు పీటల గురించి ఏమీ తెలియదు. తెలియనివాడు అడుగుతాడు, రాసుకుంటాడు. డండోరాలో లాభం పెంచిన టోకు ధరల సంగతి వంద దుకాణాలు తిరిగి రాసుకున్నవాడి నోట్‌బుక్‌లోనూ దొరుకుతుంది. ఫలానా వీధిలో నూనె డబ్బా ధర ఎంత, గోనెసంచి బియ్యం ఎవరు అరువిస్తారు, ఏ బ్యాంకులో ఏ కాగితం అడుగుతారు అన్న వివరాలు సలహా పుస్తకాల్లో ఉండవు, నాలుగు నెలల్లో పోగుచేయడం మాత్రం సాధ్యమే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. డండోరాలో కూడా తోడిచ్చిన ఇద్దరి మధ్య రాకపోకలు తగ్గినకొద్దీ పెరిగిన లాభం జారిపోయింది. సరుకు ధరలు మారతాయి, కొత్త వర్తకుడు వస్తాడు, నిరుటి నోట్‌బుక్ పనికిరాదు. అందుకే విద్యార్థులను పంపే విశ్వవిద్యాలయాన్ని నేను మొదట అడిగేది ఈ ఏడాది ఎంతమందిని పంపారని కాదు. నిరుడు వెళ్లినవాళ్ల నోట్‌బుక్ ఈ ఏడాది వెళ్లేవాళ్ల చేతికిచ్చారా, వాళ్లను అదే వీధికి పంపారా అని.