ఇనుప ముక్కకూ ఒక జాతకం



హోసూరు పారిశ్రామికవాడలో నా పాత విద్యార్థి ఒకడు చిన్న లేత్ షాపు నడుపుతున్నాడు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఆఫీసుల్లో తమిళం. మన సరిహద్దు బతుకంతా అతని మాటలోనే వినబడుతుంది. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. ఒక పెద్ద కంపెనీ ద్వారా అణు విద్యుత్ కేంద్రానికి పోవలసిన స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్లాంజీల పని అతనికి దొరికింది. అప్పు తెచ్చి సరుకు కొని, రాత్రింబగళ్లు పని చేసి పంపితే, మొత్తం తిప్పి పంపేశారట.

"కొలత తప్పిందా?" అని అడిగాను.

"లేదు సార్. కొలత సరిగ్గా ఉంది. లోహమూ మంచిదే. కడ్డీ మీద హీట్ నంబరు ఉన్నింది. ముక్కలు కోసినప్పుడు ఆ నంబరు ప్రతి ముక్క మీదా మళ్లీ పంచ్ కొట్టలేదు. నంబరు లేని ముక్క ఏ కడ్డీదో ఎవరు చెప్తారు అంటున్నారు."

ఉక్కు కర్మాగారంలో కొలిమిలో ఒక విడత కరిగించిన లోహానికంతటికీ ఇచ్చే గుర్తే హీట్ నంబరు. ఆ విడతలో కర్బనం ఎంత, నికెల్ ఎంత, లాగితే ఎంత బలానికి తెగింది అన్న పరీక్షాపత్రం ఆ నంబరు మీదే ఉంటుంది. నంబరు పోతే పత్రానికీ ముక్కకూ సంబంధం తెగిపోతుంది. అతని బాధ నాకు అర్థమైంది. అయితే చరిత్ర పాఠం చెప్పే నాకు ఆ ఇన్‌స్పెక్టరు మాట కూడా అర్థమైంది. ఒక రాగిరేకు ఎక్కడ దొరికిందో, ఎవరి చేతులు మారి వచ్చిందో తెలియకపోతే మేము దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వెనకాడతాం. ఇక్కడా అదే న్యాయం. మనిషికి జాతకం ఉన్నట్టు ఇనుప ముక్కకూ ఒకటి ఉండాలన్నమాట.

ఈ పట్టుదల మన దేశంలోని వర్క్‌షాపులకు ఎలా వచ్చిందో, దాని వెనుక ఉన్న చరిత్రను ఈ రోజు చెప్పుకుందాం.

మన మొదటి అణు విద్యుత్ కేంద్రం మహారాష్ట్రలోని తారాపూర్. 1969లో నడక మొదలుపెట్టింది. దాన్ని అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మొత్తంగా కట్టి అప్పగించింది. మన వర్క్‌షాపులకు అందులో దక్కిన పాలు తక్కువ. రెండవది రాజస్థాన్‌లోని రావత్‌భాటా. అక్కడ కెనడా తోడ్పాటుతో మన ఇంజనీర్లు పని నేర్చుకున్నారు. 1974 మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. కెనడా చేయి వెనక్కి తీసుకుంది. అప్పటికి రావత్‌భాటాలో రెండవ రియాక్టరు సగంలో ఉంది. దాన్ని మనవారే పూర్తి చేసి 1981లో నడిపించారు.

మద్రాసుకు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న కల్పాక్కంలో పనులు 1971లోనే మొదలయ్యాయి. బాధ్యతంతా మన ఇంజనీర్లదే. ఆ ప్రాజెక్టుకు తొలినాళ్లలో సారథ్యం వహించిన ఎం.ఆర్. శ్రీనివాసన్ తరువాత అణుశక్తి సంఘానికి అధ్యక్షులయ్యారు. భాగాలు బయటి దేశాల నుంచి రావడం కష్టమయ్యాక ఊళ్లలోని కర్మాగారాల తలుపు తట్టడం తప్ప మరో దారి లేకపోయింది.

మన దేశంలో అప్పటికి కర్మాగారాలు లేవని కాదు. పుణె జిల్లాలోని వాల్‌చంద్‌నగర్‌లో చక్కెర మిల్లుల యంత్రాలు చేసేవారు. తిరుచ్చి భెల్‌లో బాయిలర్లు చేసేవారు. ముంబయి పొవాయిలో లార్సెన్ అండ్ టూబ్రో వారు రకరకాల పరిశ్రమలకు పెద్ద పెద్ద పాత్రలు చేసేవారు. చేతిపనిలో వీరెవరూ తక్కువవారు కారు. కానీ చక్కెర మిల్లులో ఒక అతుకు కారితే ఏం చేస్తాం? మిల్లు ఆపి, వెల్డరును పిలిచి, గంటలో అతికించి మళ్లీ నడుపుతాం. రియాక్టరులో ఆ వీలు లేదు. ఒకసారి నడక మొదలైతే దాని లోపలి భాగాల దగ్గరికి రేడియో ధార్మికత వల్ల మనిషి పోలేడు. "తరువాత చూసుకుందాం" అన్న మాటకు అక్కడ చోటు లేదు. కాబట్టి బాగుందని ముందే తెలియాలి. తెలిస్తే చాలదు, రుజువు చేసి చూపాలి.

కల్పాక్కం రియాక్టరు గుండెకాయ కలాండ్రియా అనే పెద్ద స్టీలు పీపా. దాని లోపలి నుంచి 306 గొట్టాలు అడ్డంగా పోతాయి. ఒక్కొక్క గొట్టంలో 12 ఇంధన కట్టలు వరుసగా కూర్చుంటాయి. లెక్క కడితే 3,672 కట్టలు. వీటిని హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు తయారుచేసింది. గొట్టాలకు వాడే జిర్కోనియం సముద్రతీరపు ఇసుక నుంచి వస్తుంది. దానితో పాటు హాఫ్నియం అనే మరో లోహం కవల పిల్లలా కలిసి ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. కానీ హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది. అందుకని దాన్ని పది లక్షల పాళ్లలో వంద పాళ్లు కూడా మిగలకుండా తీసేయాలి. కంటికి కనబడని ఈ తేడాను పరీక్ష చేసి, కాగితం మీద పెట్టినవాడినే నమ్ముతారు. అదే హైదరాబాదులో 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. రియాక్టర్ల కంట్రోలు పరికరాలు చేసింది. ఈ చరిత్రలో తెలుగువారి చేయి ఆ విధంగా ఉంది.

కల్పాక్కం మొదటి రియాక్టరులో 1983 జులై 2న అణుచర్య మొదలైంది. అదే సంవత్సరం నవంబరులో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. నాణ్యతకు లిఖిత నియమాలు అప్పటికే లోకంలో ఉన్నాయి. అమెరికా 1970లోనే 18 సూత్రాలను చట్టంగా పెట్టింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1978లో తన నియమావళి ఇచ్చింది. మన నియంత్రణ మండలి 1988లో నాణ్యతా నియమావళిని ప్రకటించింది.

ఆ నియమాల సారం వర్క్‌షాపు మాటల్లో ఇంతే. పని చేసినవాడే "పాస్" అనకూడదు, వేరే కన్ను చూడాలి. వెల్డరు ఏ రకం అతుకు వేస్తాడో ఆ రకంలోనే పరీక్ష పాసై ఉండాలి. కొన్ని రకాల వెల్డింగ్ రాడ్లను ఓవెన్లో వేడి చేసి తేమ పోగొట్టాకే వాడాలి. తేమ ఉంటే అతుకులో చీలిక పుడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మామూలు ఇనుప బ్రష్షు పెట్టకూడదు, గుర్తులు రాసే సిరాలో క్లోరైడు ఉండకూడదు. కొలిచే గేజిని కూడా గడువు ప్రకారం కొలిపించాలి. కొన్ని చోట్ల పని ఆగి నిలబడాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం పెడితేనే కదలాలి. తప్పు జరిగితే దాచకుండా రాయాలి. ఈ కాగితాలన్నీ కట్టగట్టి సరుకుతో పాటు పంపుతారు. ఆ కట్టను మన అణు కేంద్రాలవారు "హిస్టరీ డాకెట్" అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

అయితే కాగితాలు పెట్టె నిండా ఉంటే అంతా క్షేమమేనా? కాదని కర్ణాటకలోని కైగా చెప్పింది. 1994 మే 13న అక్కడ కడుతున్న మొదటి రియాక్టరు లోపలి గుమ్మటం నుంచి సుమారు 130 టన్నుల కాంక్రీటు ఊడి కింద పడింది. 14 మంది కార్మికులు గాయపడ్డారు. రియాక్టరు ఇంకా నడవలేదు కనుక ధార్మికత ప్రమాదం లేదు. విచారణలో అసలు లోపం డిజైనులోనే ఉందని తేలింది. గుమ్మటం వంపులో బిగించిన ఉక్కు తీగలు కాంక్రీటును పొరలుగా విడదీసే బలాన్ని పుట్టిస్తాయి. దాన్ని లెక్కలో సరిగా పట్టించుకోలేదు. అంటే తాపీమేస్త్రీ పనిని, సిమెంటు పాలును పది మంది తనిఖీ చేసినా, డ్రాయింగును చూడవలసిన కన్ను చూడలేదన్నమాట. నాణ్యత అనేది కిందివాడిని మాత్రమే కొలిచే కర్ర కాకూడదని కైగా నేర్పిన పాఠం. రాజస్థాన్‌లో అదే తరహా గుమ్మటాల పని కూడా ఆపి, డిజైను మార్చారు. కైగా రెండు రియాక్టర్లూ 2000లో విద్యుత్తు అమ్మకం మొదలుపెట్టాయి. ఆ మొదటి రియాక్టరే 2016 మే 13 నుంచి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి, అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. తప్పును బయటపెట్టి దిద్దుకున్నచోట ఇలాంటి ఫలితం కూడా వస్తుంది.

మళ్లీ నా విద్యార్థి దగ్గరికి వద్దాం. అతనికి ఆ ఏడు పెద్ద నష్టమే వచ్చింది. అతను అన్న మాట ఒకటి నేను మరచిపోలేదు. "ధర తగ్గించమంటారు, కాగితం పెంచమంటారు సార్. ఎక్స్‌రే ఖర్చు ఎవరిది?" అన్నాడు. ఇది న్యాయమైన ప్రశ్నే. రుజువు కావాలన్నవారు ఆ రుజువు ఖర్చును ధరలో కలపాలి. లేకపోతే చిన్నవాడికి దొంగ సంతకమే దారి అవుతుంది. దొంగ సంతకం పడిన రోజు ఆ కాగితాల కట్ట అంతా చిత్తు కాగితమే.

అతను మాత్రం ఆ దారి పట్టలేదు. షాపులో ఒక రిజిస్టరు పెట్టాడు. కడ్డీ రాగానే నంబరు, కోసేముందు నంబరు, కోసిన తరువాత ప్రతి ముక్క మీదా నంబరు. రెండేళ్ల తరువాత మళ్లీ పని దొరికింది. ఈసారి తన కుర్రవాడే ఒక అతుకులో సన్నని చీలిక కనిపెట్టాడు. పైన గ్రైండింగు చేసి మూసేయవచ్చు, ఎవరికీ తెలియదు. ఇతను కంపెనీకి రాసి తెలియజేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, అతుకు తవ్వించి, మళ్లీ వేయించి, పరీక్ష చేయించి పాస్ చేశాడట. "తప్పు చెప్పినందుకు పని పోతుందనుకున్నాను సార్. చెప్పినందుకే నిలబడింది" అన్నాడు.

కల్పాక్కం పక్కన చేపలు పట్టే పల్లెలున్నాయి. కైగా పక్కన కాళీ నది పారుతుంది, అడవి ఊళ్లున్నాయి. అక్కడివారెవరూ ఈ హిస్టరీ డాకెట్లు చదవరు. చదవలేరు కూడా. ఎక్కడో హోసూరులోనో, హైదరాబాదులోనో, వాల్‌చంద్‌నగర్‌లోనో ఒక మనిషి ఎవరూ చూడనప్పుడు నిజం రాశాడన్న నమ్మకం మీద వారు రాత్రి నిద్రపోతున్నారు. మా బడిలో పిల్లలు ప్రయోగం తప్పితే పక్కవాడి జవాబు చూసి రాస్తారు. ఇప్పుడు నేను వాళ్లకు ఒకటే చెబుతాను, నీకు వచ్చిన జవాబే రాయి, తప్పయితే తప్పని రాయి అని.