ముస్తఫా ఆట ఎలా బతికింది?

1990ల్లో వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్లలు పోగొట్టుకున్న వాళ్లను ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ గుర్తుందా అని అడిగితే తెల్లమొహం వేస్తారు. అదే ‘ముస్తఫా ఆట’ అనండి, వేళ్లు వాటంతటవే బటన్లు వెతుక్కుంటాయి. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసిన ఆట అది. ఎంచుకోవడానికి నలుగురు వీరులున్నా, మనవాళ్లు అందులో ఒకడి పేరునే మొత్తం ఆటకు పెట్టేశారు.

ఒకపక్క ఆంధ్ర విశ్వవిద్యాలయం, మరోపక్క కృష్ణా కాలేజీ, నడుమ జాతీయ రహదారి, ఆర్టీసీ డిపో. ఇలా ఎప్పుడూ చదువుకునే పిల్లలతో కిటకిటలాడే విశాఖ మద్దిలపాలెంలో ఇవాళ ఏ హాస్టల్ గదిలోనైనా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీదయినా ముస్తఫా పరిగెడతాడు. కానీ ఆ ఆటను రాసింది ఈ లాప్‌టాప్ కోసం కాదు. క్యాప్‌కామ్ బోర్డులోని చిప్ మాట్లాడే భాష వేరు, లాప్‌టాప్ ప్రాసెసర్ భాష వేరు. మధ్యలో దుబాసీ పని చేసేది ఎమ్యులేటర్. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే దారి ఆటస్థలానికి కాకుండా ఆఫీసు గదికి తీసుకెళుతుంది.

జీతాల లెక్కల్లోంచి పుట్టింది

1959లో ఐబీఎం ప్రకటించిన 1401 కంప్యూటర్ వ్యాపార సంస్థల్లో పాతుకుపోయింది. జీతాలు, బిల్లులు, సరుకు లెక్కలు అన్నీ దానిమీదే. 1964 ఏప్రిల్ 7న అదే కంపెనీ సిస్టమ్/360 అనే కొత్త కుటుంబాన్ని ప్రకటించింది. పాత యంత్రాల ప్రోగ్రాములు కొత్త వాటిలో వాటంతటవి నడవవు. ఏళ్ల తరబడి రాయించుకున్న ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయించుకోమంటే ఏ ఖాతాదారు ఒప్పుకుంటాడు? అందుకని ఐబీఎం ఇంజినీర్లు ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ సాయంతో, 1401 ఆదేశాలను 360 అర్థం చేసుకునే ఏర్పాటు చేశారు. ఈ పద్ధతికి ‘ఎమ్యులేటర్’ అని పేరు పెట్టిన ఘనత ఐబీఎంకే చెందిన ల్యారీ మాస్‌కు దక్కింది.

1401 మన దేశానికీ వచ్చింది. ఐబీఎం వాటిని ఇక్కడి సంస్థలకు అద్దెకిచ్చింది. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టంతో పొసగక 1978లో ఆ కంపెనీ దేశం విడిచి వెళ్లింది. కొత్త యంత్రం కొన్నా పాత పని ఆగకూడదన్న కోరిక మాత్రం ఎక్కడైనా ఒకటే. అరవై ఏళ్లుగా ఎమ్యులేటర్‌ను నడిపిస్తున్నది ఆ కోరికే.

మన ఇళ్లకు వచ్చినవి

మన పిల్లలకు కంప్యూటర్ రెండు దారుల్లో పరిచయమైంది. ఒకటి బడి దారి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను పంపింది. పుణెకు చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌ను ఇక్కడే తయారుచేసి అమ్మింది. ఆ స్పెక్ట్రమ్‌లో ఆటలు టేప్‌రికార్డర్ క్యాసెట్ నుంచి ఎక్కేవి. ఆట మొదలవడానికి నిమిషాల తరబడి కీచురాగం వినాల్సిందే.

రెండోది బజారు దారి. జపాన్‌లో నింటెండో 1983 జూలైలో ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. మన మధ్యతరగతి ఇళ్లలోకి అడుగుపెట్టింది మాత్రం ఎక్కువగా దాని నకళ్లే. టీవీకి తగిలించే పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకి, పసుపురంగు క్యాసెట్. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల ఉన్నవి గుప్పెడు ఆటలు, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ మోసం తెలిసినా ఎవరూ పెద్దగా బాధపడలేదు. మారియో, కాంట్రా ఉంటే చాలు.

తర్వాత పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. శిక్షణ కేంద్రాల్లో డాస్ ఆదేశాలు నేర్చుకున్న తరం, సారు అటు తిరగగానే ఫ్లాపీలోంచి ‘డేంజరస్ డేవ్’ తీసేది. జాన్ రొమేరో 1988లో యాపిల్-2 కోసం రాసి, తర్వాత డాస్‌కు తెచ్చిన ఆట అది. జోర్డన్ మెక్‌నర్ 1989లో తెచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ దాని పక్కనే ఉండేది. వీటిని డబ్బిచ్చి కొన్న వాళ్లు అరుదు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి, చేతి నుంచి చేతికి సాగిన ప్రయాణం వాటిది.

ఆరేళ్లలో అంతా మారింది

1990ల నడిమికొచ్చేసరికి ఇంటి కంప్యూటర్ వేగం పాత ఆట యంత్రాలను మించిపోయింది. ఫ్యామికామ్ ఆటలు నడిపేందుకు మరాత్ ఫైజుల్లిన్ రాసిన ఐనెస్ ఎమ్యులేటర్ 1996లో వచ్చింది. ఆట ఫైలుకు అతను తగిలించిన 16 బైట్ల పీఠిక, దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా దాదాపు ప్రతి ఫ్యామికామ్ ఆట ఫైలు నుదుటి మీదా ఉంది. 1997 ఏప్రిల్‌లో నెస్టికల్ వచ్చి, మామూలు కంప్యూటర్ల మీద కూడా నింటెండో ఆటలను పూర్తి వేగంతో పరిగెత్తించింది.

అంతకు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 5న, ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ‘మేమ్’ తొలి కూర్పును విడుదల చేశాడు. బిళ్ల వేసి ఆడే ఆర్కేడ్ ఆటలు ఒక్కోదానికి ఒక్కో ఎమ్యులేటర్ ఎందుకు, అన్నిటికీ కలిపి ఒకటి చాలదా అన్నది అతని ఆలోచన. తొలి కూర్పులో నడిచినవి ఐదారు ఆటలకు మించవు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి, ముస్తఫా వాటిలో ఒకడు.

2000లో అమెరికా అప్పీలు కోర్టు సోనీకీ, ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్‌కూ మధ్య కేసు తేల్చింది. ప్లేస్టేషన్ పనితీరు తెలుసుకోవడానికి దాని లోపలి ప్రోగ్రామును నకలు తీసి పరిశీలించడం న్యాయమైన వాడకమేనంది. ఎమ్యులేటర్ రాయడం నేరం కాదన్న ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. 2002లో పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వచ్చింది. అది రావడం మంచిదయింది, ఎందుకంటే తర్వాత ఇళ్లకు చేరిన 64-బిట్ విండోస్ పాత 16-బిట్ ప్రోగ్రాములను గడప కూడా తొక్కనివ్వదు. డేవ్ ఇవాళ బతికి ఉన్నది డాస్‌బాక్స్ నీడనే.

లోపల జరిగేది

ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసురను విశాఖలో చూడని వాళ్లుండరు. అక్కడ జలాంతర్గామి ఒళ్లంతా భద్రంగా ఉంది, మునగడం మాత్రం మానేసింది. ఎమ్యులేటర్ సరిగ్గా దీనికి తిరగేసిన మ్యూజియం. యంత్రం ఒళ్లు ఏదీ ఉండదు, అది చేసే పని మాత్రం మొత్తం ఉంటుంది.

పాత చిప్ చేసేదంతా ఈ ప్రోగ్రాము చేస్తుంది. ఆట ఫైలులోంచి ఒక ఆదేశం తీసుకుంటుంది, దాని అర్థం చూస్తుంది, అసలు చిప్ ఏ మార్పు చేసేదో అదే మార్పు తన జ్ఞాపకంలో చేస్తుంది, తర్వాతి ఆదేశానికి పోతుంది. సెకనుకు లక్షలసార్లు ఇదే పని. బొమ్మ గీసే చిప్‌నూ, శబ్దం చేసే చిప్‌నూ ఇలాగే నటించాలి. అన్నీ ఒకే తాళానికి కదలాలి. తాళం తప్పితే పాట సాగదీసినట్టవుతుంది, బొమ్మ చిరుగుతుంది, గెంతాల్సిన వీరుడు గోతిలో పడతాడు.

ఈ తాళం ఎంత ఖరీదైనదో బైయూ అనే పేరుతో పనిచేసిన ప్రోగ్రామర్ చూపించాడు. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్‌కు మించదు. దాన్ని పొల్లుపోకుండా అనుకరించాలంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాలని 2011లో అతను రాశాడు. డాస్ ఆటల్లో ఇబ్బంది ఇంకో రకం. చాలా ఆటలు ఆనాటి కంప్యూటర్ నిదానాన్నే గడియారంగా నమ్ముకున్నాయి. కొత్త వేగంతో వదిలితే చేతికి చిక్కవు. అందుకే డాస్‌బాక్స్‌లో కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది.

వేల ఫైళ్లకు ఒక వరస

ఆటలు సంపాదించడం తేలికే, సర్దుకోవడమే కష్టం. పెన్ డ్రైవ్‌లో ‘గేమ్స్’, ‘గేమ్స్ కొత్తవి’, ‘గేమ్స్ ఫైనల్’ అన్న ఫోల్డర్లు ఎవరింట్లోనైనా కనిపిస్తాయి. ఒకే ఆట మూడుచోట్ల మూడు పేర్లతో ఉంటుంది, అందులో ఒకటి చెడిపోయి ఉంటుంది.

దీనికి అభిరుచిపరులు కనిపెట్టిన మందు వేలిముద్ర. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని సీఆర్‌సీ లేదా షా-1 అనే సంఖ్య కడతారు. ఒక్క బిట్ మారినా సంఖ్య మారిపోతుంది. క్యాసెట్ ఆటలకు నో-ఇంట్రో, సీడీ ఆటలకు రీడంప్ బృందాలు ఇలాంటి సంఖ్యల జాబితాలు తయారుచేస్తున్నాయి. రోమ్‌వాల్ట్ వంటి సాధనానికి ఆ జాబితా ఇస్తే మన ఫోల్డరు గాలించి, ఏది అసలు, ఏది చెడింది, ఏది రెండోసారి వచ్చింది, ఏది లేదు అన్నీ చెప్పి పేర్లు సరిచేస్తుంది.

మేమ్‌లో ఈ క్రమశిక్షణ ఇంకా గట్టిది. ముస్తఫా అక్కడ ‘డైనో’. అమెరికా, జపాన్ కూర్పులు దాని పిల్లలు. దొంగచాటుగా తయారైన బోర్డులకు కూడా అదే కుటుంబంలో పేరూ చోటూ ఉన్నాయి. మేమ్ కొత్త కూర్పు వచ్చినప్పుడు ఈ ఫైళ్లూ మారవచ్చు. నిన్న ఆడిన ఆట ఇవాళ తెరుచుకోకపోవడానికి తరచూ కారణం ఇదే. అందువల్ల మేమ్ కూర్పునూ దానికి సరిపడే ఫైళ్లనూ జంటగా దాచుకోవాలి.

సర్దుకున్నాక ముఖచిత్రాలతో అందంగా చూపించడానికి ఫ్రంటెండ్లున్నాయి. ఒకప్పుడు డాస్‌బాక్స్‌కు ముఖద్వారంగా మొదలైన లాంచ్‌బాక్స్ ఇప్పుడు అన్ని రకాల యంత్రాలనూ ఒకే అరలో పేరుస్తుంది. రెట్రోఆర్క్ ఒకే గూటిలో రకరకాల ఎమ్యులేటర్లను ‘కోర్’ల పేరుతో నడుపుతుంది. ఏది వాడినా మూల ఫైళ్లు ఒకచోట, మనం దాచుకున్న ఆట స్థితులు వేరొకచోట ఉంచుకుంటే మేలు. ఆట ఫైలు పోతే మళ్లీ దొరుకుతుంది. ఎనిమిదో లెవెల్ దాకా పడ్డ కష్టం దొరకదు.

చట్టం ఎటువైపు?

ఎమ్యులేటర్ వేరు, ఆట వేరు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా సంపాదించుకున్న ప్రోగ్రాముకు రక్షణ కోసం నకలు తీసుకోవడాన్నీ, వ్యాపారం కోసం కాక సొంతానికి నకలు చేసుకోవడాన్నీ అనుమతిస్తుంది. ఎవరో పెట్టిన ఆటను దించుకోవడానికి ఆ మినహాయింపు వర్తించదు. ఎంత పాత ఆటయినా యజమాని ఉన్నాడు.

ఆ యజమానులే ఇప్పుడు ఎమ్యులేటర్లు అమ్ముతున్నారు. గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొనే డాస్ ఆటల్లో చాలావాటికి డాస్‌బాక్స్ జతచేసి ఇస్తారు. మైక్రోసాఫ్ట్ 2015లో ఎక్స్‌బాక్స్ 360 ఆటలను ఎక్స్‌బాక్స్ వన్ మీద నడిపించింది కూడా ఎమ్యులేటర్‌తోనే. 2024 ఏప్రిల్‌లో యాపిల్ తన యాప్ స్టోర్ తలుపు ఎమ్యులేటర్లకు తెరిచింది. అదే ఏడాది మార్చిలో నింటెండో స్విచ్ ఆటలు నడిపే యుజు ఎమ్యులేటర్ తయారీదారులు ఆ కంపెనీకి 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని రాజీపడ్డారు. బజారులో ఇంకా అమ్ముడవుతున్న ఆట జోలికి పోతే కంపెనీలు ఊరుకోవని తేలింది. మరి అమ్మకానికే లేని ఆటల సంగతి? అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

మన క్యాసెట్ల సంగతి

వస్తువులకు ఆయుష్షు ఉంటుంది. క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డుల్లో ఆట గూఢలిపిని విప్పే తాళంచెవి సమాచారం ఒక చిన్న బ్యాటరీ మీద నిలిచి ఉండేది. బ్యాటరీ చస్తే బోర్డు చచ్చినట్టే. ఆ గూఢలిపిని 2007లో ఆండ్రియాస్ నైవ్, సాల్మోరియా ఛేదించారు కాబట్టి ఆ ఆటలు నిలిచాయి. మెక్‌నర్ పోయిందనుకున్న ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మూల ప్రోగ్రాము ఫ్లాపీలు 2012లో వాళ్ల నాన్నకు ఇంట్లో దొరికాయి. నిపుణులు వాటిని చదవగలిగారు. విశాఖ ఉప్పుగాలిలో, వానాకాలపు తేమలో అటక మీదున్న ఫ్లాపీకి అంత అదృష్టం ఉంటుందని చెప్పలేం. బూజు పడితే అయస్కాంతపు పూత లేచిపోతుంది.

మారియో గురించి బెంగ అక్కర్లేదు, దాని నకళ్లు లోకమంతా ఉన్నాయి. బెంగంతా మన ‘9999 ఇన్ 1’ల గురించే. ఏ చేతులు ఆ జాబితాలు కుట్టాయో, ఏ ఆటకు ఏ తప్పుడు పేరు తగిలించారో, కాంట్రాలో ముప్పై ప్రాణాలు ముందే ఎలా ఇచ్చారో, అదే మన తరం ఆడిన చరిత్ర. దొంగబోర్డుకు కూడా వంశవృక్షంలో చోటిచ్చే జాబితాలున్నప్పుడు, మన క్యాసెట్లకు చోటు దొరక్కపోదు. ఎవరో ఒకరు పంపాలంతే. 60 పిన్నుల క్యాసెట్ చదివే పరికరాలు దొరుకుతున్నాయి. పరికరం లేకపోయినా పైలేబులు, లోపలి బోర్డు ఫోటో తీసి పెట్టుకోవచ్చు. ఈసారి పాత సామాన్లకు కేజీల లెక్కన బేరం కుదిర్చేముందు, ఆ పసుపురంగు డబ్బాను మాత్రం పక్కకు తీసిపెట్టండి.