కాతిబ్ కలం నుంచి కంప్యూటర్ దాకా

మన ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే ముందు రుఖ్ఖాలు అచ్చు వేయించాలి. హైదరాబాదులో ఐతే చాలామంది వెళ్ళేది ఛత్తాబజారుకే. ఇప్పుడు అక్కడ కంప్యూటరు ముందు కుర్రవాడు కూర్చుని చూస్తుండగానే ఉర్దూ రుఖ్ఖా తయారు చేసి ఇస్తాడు. పూర్వం ఈ పనికి కాతిబ్ సాహెబ్ దగ్గరకు పోవలసి వచ్చేది. ఆయన కలం చెక్కుకొని, సిరాలో ముంచి, వధూవరుల పేర్లు తన చేత్తో రాస్తేనే అచ్చుపని మొదలయ్యేది.

తెలుగు పత్రికలు సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసుకొంటున్న కాలంలో కూడా ఉర్దూ పత్రికలను కాతిబులే చేతితో రాసేవారు. ఇది మన వెనుకబాటుతనం అని కొందరు అనుకొంటారు. అది సరికాదు. కారణం లిపిలోనే ఉన్నది. నస్తాలీఖ్ లిపిలో ఒక్కొక్క అక్షరం పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపు మార్చుకొంటుంది. పైగా మాట కుడివైపు పైన మొదలై ఎడమవైపుకు కిందికి జారుతుంది. సీసపు ముక్కలేమో ఒకే గీత మీద నిలబడతాయి. ఇంక రెంటికీ పొత్తు ఎలా కుదురుతుంది? 1800లో కలకత్తాలో ఏర్పడిన ఫోర్ట్ విలియం కాలేజీవారు ఉర్దూ పుస్తకాలను టైపులోనే వేశారు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం కూడా నస్తాలీఖ్ టైపు కోసం ప్రయత్నించింది గాని అది నిలవలేదు.

ఉర్దూను ఆదుకొన్నది రాతి అచ్చు. జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన 1796 ప్రాంతంలో కనిపెట్టిన పద్ధతి ఇది. కాతిబ్ పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాస్తాడు. ఆ కాగితాన్ని రాతి మీద పెట్టి ఒత్తితే రాత తలకిందులై, అద్దంలో చూసినట్టు రాతికి ఎక్కుతుంది. తప్పు దొర్లితే సరిచేయడానికి సంగ్‌సాజ్ అని వేరే పనివాడు ఉండేవాడు. అతడు రాతి మీద ఉర్దూను ఎదురు దిక్కులో రాయాలి! ఈ విద్య ఎంత కష్టమో ఒకసారి మీ పేరు తిరగేసి రాసి చూడండి. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ పెట్టిన ప్రెస్సు ఈ పద్ధతి మీదనే వేల పుస్తకాలు వేసింది. ఆయన హిందువు. ఖురాన్ షరీఫ్‌ను తక్కువ వెలకు పేదల ఇళ్ళకు చేర్చినవారిలో ఆయన ఒకరు.

మద్రాసులో 1927లో సయ్యద్ అజ్మతుల్లా సాహెబ్ ప్రారంభించిన 'ముసల్మాన్' సాయంకాల పత్రిక సంగతి మరీ విచిత్రం. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్ళు కాతిబులు దాని నాలుగు పేజీలూ చేత్తోనే రాశారు. ఆఖరు నిముషంలో వచ్చే వార్త కోసం మొదటి పేజీలో కొంచెం చోటు ఖాళీగా ఉంచేవారట.

మరి కంప్యూటరుకు నస్తాలీఖ్ ఎలా వచ్చింది? ఢిల్లీలో పుట్టి కరాచీలో స్థిరపడిన మీర్జా అహ్మద్ జమీల్ సాహెబ్ అక్షరాలను విడదీయకుండా సుమారు 20 వేల అక్షరాల జోడింపులను తన చేత్తో రాశారు. ఇంగ్లండులోని మోనోటైప్ కంపెనీ వాటిని యంత్రానికి ఎక్కించింది. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోరు 'జంగ్' పత్రిక ఈ అక్షరాలతో వెలువడింది. 1994లో మన దేశంలో తయారైన ఇన్‌పేజ్ వచ్చాక ఈ రాత ప్రతి ప్రెస్సుకూ చేరింది. అంటే ఈనాటి మన రుఖ్ఖాల మీద ఎక్కువగా కనబడేది 2014లో కన్నుమూసిన ఆ ఒక్క మనిషి చేతిరాతే.

పత్రికలకు మేలే జరిగింది, పని త్వరగా తెములుతున్నది. కాతిబులకు మాత్రం అన్యాయం జరిగిందనే నేనంటాను. చిన్ననాటి నుంచి ఉస్తాద్ దగ్గర కూర్చుని నేర్చిన విద్యకు కొద్ది ఏళ్ళలోనే గిరాకీ పోయింది. కొందరు సైన్‌బోర్డులు రాసుకొన్నారు, కొందరు కీబోర్డు నేర్చుకొన్నారు.

మన సభ్యుల ఇళ్ళల్లో రాతి అచ్చు పుస్తకాలు ఇంకా ఉండే ఉంటాయి. పిల్లలకు ఉర్దూ చదవడం రాదని వాటిని పాత కాగితాలవాడికి వేసెయ్యకండి. ఆఖరు పేజీ అడుగున చూడండి. చాలావాటిలో సన్నని అక్షరాలతో, రాసిన కాతిబ్ పేరు ఉంటుంది.