మిరప చేతులు

గడప దాటకముందే గొంతు పట్టేస్తుంది. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఓ ఊరు, ఫిబ్రవరి నెల. రికార్డుల్లో ఇది ఇప్పుడు బాపట్ల జిల్లా, ముసలాళ్ళ నోట్లో మాత్రం ఇంకా ప్రకాశమే. ఇంటి వెనక కళ్ళంలో తేజ కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే మీకు తుమ్ములు ఆగవు. కళ్ళం వైపు కిటికీ మూసి, తడి చీర అడ్డం కట్టిన గదిలో ఉంది ఏడు రోజుల పిల్ల.

"ఆగండాగండి, చేతులు కడుక్కుని పొండి" అని అమ్మమ్మ కేకేస్తుంది. పొద్దుట్నుంచీ తాలుకాయలు ఏరుతున్న మనిషి. ముందు చేతులకు కొబ్బరినూనె పట్టిస్తుంది, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద. తర్వాత సబ్బు. కడుక్కుని చూపుడువేలు నాలుక్కి తగిలిస్తుంది. చురుక్కుమంటుంది. మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. మిరప మంట నీళ్ళకు లొంగదు, నూనెకు కరుగుతుంది, ఆ నూనెను సబ్బు లాక్కుపోతుంది. దాంతోపాటే కంటికి కనపడని క్రిములూ పోతాయి. క్రిములను నమ్మని ఈవిడ కారానికి భయపడుతుంది. ఏ పోస్టరూ ఇంత బాగా పనిచేయదేమో.

ఊళ్ళో ఆశా కార్యకర్తగా పనిచేసే అమ్మాయి వచ్చి తనూ చేతులు కడుక్కుంటుంది. సంచిలోంచి ఉయ్యాల గుడ్డ వేలాడే చిన్న కాటా తీస్తుంది. పుట్టినప్పుడు 2 కిలోల 700. మీరు ముల్లు వైపు వంగి చూస్తారు. 2 కిలోల 600.

"తగ్గిందేందే?" అమ్మమ్మ గొంతు మారిపోయింది.

"మరి మీ కాయలు ఎండితే తూకం తగ్గవా పిన్నీ? ఇదీ ఒంట్లో నీరే. రెండు వారాలకల్లా మళ్ళీ ఎక్కుద్ది."

అమ్మమ్మ ఒప్పుకోలేదు, కానీ మాట్లాడలేదు.

పిల్ల చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది ఆశా. 48. అరవై చేరితే మళ్ళీ లెక్కపెట్టాలి, అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి పోవాలి. అరికాలు వెలుతురు వైపు తిప్పి వేలితో నొక్కి చూస్తుంది. కామెర్ల పసుపు అక్కడిదాకా దిగలేదు. బొడ్డుతాడు ఇంకా రాలలేదు. దాని మీద అమ్మమ్మ అద్దబోయిన ఆముదం గిన్నె ఇప్పుడు బల్ల కిందికి పోయింది.

ఇంటింటికీ వచ్చే ఈ పద్ధతి గడ్చిరోలిలో మొదలైంది, తెలంగాణ సరిహద్దుకు అవతల. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి పల్లెటూరి ఆడవాళ్ళకు తూకం, ఊపిరి లెక్క, వెచ్చదనం చూడటం నేర్పారు. పసికందుల చావులు తగ్గాయి. ఆ ఫలితాలు 1999లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. 2011 నుంచి అది దేశమంతటా ఆశాల పని. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి.

ఇక్కడ అమ్మమ్మ కుంపట్లో సాంబ్రాణి వేయబోతుంటే ఆశా చెయ్యి పట్టుకుంటుంది. "బయట ఘాటు చాల్లే పిన్నీ. దాని ఊపిరితిత్తులు ఎంతని?" అమ్మమ్మ కుంపటి వసారాలోకి జరిపింది. గాడిద పాల సంగతీ ఎత్తింది, ఉబ్బసం రాదని. "ఆరు నెల్లు తల్లి పాలే, ఇంకేం వద్దు" అన్న జవాబుకు మూతి తిప్పింది.

మంచం మీద బాలింతను ఇందాకట్నుంచీ ఎవరూ పట్టించుకోలేదు. కంచంలో మిరప లేని వెల్లుల్లి కారం, పాతబియ్యపు అన్నం, మిరియాల చారు. మిరపకాయల ఊళ్ళో బాలింతకు మిరపకాయ కూడదని పత్యం! పెదాలు పగిలిపోయి ఉన్నాయి. "అక్కా, నీళ్ళు తాగొచ్చా?"

"దాహమైనప్పుడల్లా తాగు. రోజుకి ఎనిమిది పదిసార్లు పాలిచ్చేదానివి."

"పొట్ట వస్తదే, నీరు పడతది" అంది అమ్మమ్మ. కాసేపు వాదన నడిచింది. చివరికి కాచి చల్లార్చిన నీళ్ళకు బేరం కుదిరింది. చెంబు వచ్చింది. బాలింత సగం తాగింది. వయసు చూస్తే ఆమే ఓ పిల్ల.

ఆశా కాగితంలో గడులు నింపుతూ, "వచ్చే వారం ఇదే రోజు మళ్ళీ వస్తా" అంటుంది.

"ఆ రోజు కాయలు బస్తాల్లోకి ఎత్తి టిక్కీలు కట్టేది. పొద్దున్నే రా, కూలోళ్ళు దిగకముందే."