ధాత కరువులో ఒంగోలు మాదిగ క్రైస్తవులు: పరస్పర ఆదరణ స్వరూపం

ప్రవేశిక

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు క్రైస్తవ చరిత్రను ప్రస్తావించే గ్రంథాలలో ఈ సంఖ్య తరచుగా కనిపిస్తుంది. ఆనాడు నదిలోకి దిగినవారిలో అత్యధికులు మాదిగలు. అంతకు ముందటి రెండేళ్ళు దక్షిణ భారతాన్ని ధాత కరువు కబళించింది. కరువు, దాని వెంటనే సామూహిక బాప్తిస్మం: ఈ రెండింటి సామీప్యం రెండు భిన్నమైన వ్యాఖ్యానాలకు దారితీసింది. మిషన్ రచనలు దీనిని దైవకార్యంగా, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సేవాఫలంగా కీర్తించాయి. విమర్శకులు దీనిని కూటి కోసం జరిగిన మతాంతరీకరణగా తీసిపారేశారు.

పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలకు ఒక సామ్యం ఉంది. రెండింటిలోనూ కర్త మిషనరీయే. మాదిగలు ఒకదానిలో కృప పొందినవారు, మరొకదానిలో గంజి పొందినవారు. ఇచ్చేవారుగా, తోటివారిని నిలబెట్టినవారుగా వారు రెండింటిలోనూ కనిపించరు. కరువుకు ముందటి పదేళ్ళలో మాదిగ విశ్వాసులు తమ బంధుత్వాల మీద, వృత్తి సంబంధాల మీద నిర్మించుకున్న పరస్పర ఆదరణ వ్యవస్థే కరువు కాలంలో సహాయాన్ని పాలేల దాకా చేర్చిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆధారాల స్వభావం

ఈ అంశానికి రెండు ఆంగ్ల గ్రంథాలు ప్రధాన ఆధారాలు. క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ ప్రచారకుల నోట విన్న జీవితకథలను కూర్చి 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ ప్రచురించింది. 1910లో క్లౌ మరణించిన తర్వాత, అతని అనుభవాలు ఆమె కూర్పుతో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ పేరిట 1914లో వెలువడ్డాయి. మొదటి గ్రంథంలోని కథలు తెలుగులో చెప్పినవి. మనకు దక్కినవి మాత్రం ఆంగ్లంలో. చెప్పినవారి నుడికారం, సామెత, ఛలోక్తి అనువాదంలో కరిగిపోయాయి. పైగా రెండూ మిషన్ పక్షాన వెలువడిన పుస్తకాలు. అందువల్ల వాటిలోని ప్రశంసను పక్కనపెట్టి, కథనం మధ్యలో యథాలాపంగా దొర్లిన వివరాలను పట్టుకోవలసి ఉంటుంది. ఎవరు ఎవరి ఇంట బస చేశారు, ఎవరు ఎవరిని వెంటబెట్టుకుని వచ్చారు, ప్రచారకునికి అన్నం ఎవరు పెట్టారు అన్న ప్రశ్నలకు జవాబులు అటువంటి వివరాలలోనే దొరుకుతాయి.

కరువుకు పూర్వం: తోళ్ళ బాట, బంధుత్వాల బాట

బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. తొలి పాతికేళ్ళలో చేరినవారు బహు స్వల్పం. ఫలితం లేని ఈ మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో పలుమార్లు చర్చకు వచ్చింది. 1866లో క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న అక్కడ ఏర్పడిన సంఘంలో సభ్యులు ఎనిమిది మంది మాత్రమే.

ఈ స్థితిని మార్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు అతని ఊరు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి, గోదావరి ప్రాంతం దాకా తిరిగేవాడు. ఆ ప్రయాణాలలోనే క్రైస్తవ బోధ అతని చెవిన పడింది. అంతకు పూర్వం అతడు రాజయోగ సాధన గల గురుపరంపరను ఆశ్రయించినవాడు. 1866లో పేరయ్య, అతని భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చి అతని కోసం వేచి ఉన్నారు. వారిలో 28 మంది అక్కడే బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మిషనరీ రాకముందే సమూహం సిద్ధంగా ఉంది. దానిని కూడగట్టినవి పేరయ్యకు తోళ్ళ వ్యాపారం వల్ల ఏర్పడిన పరిచయాలు, వియ్యాలు, గురుభక్తి కూటాలు. గురువును ఇంట నిలుపుకొని అన్నం పెట్టడం, అతని మాట వినడానికి పొరుగు పాలెం వారిని పిలవడం మాదిగ పాలేలకు కొత్త కాదు. క్రైస్తవ ప్రచారకుడు ఆ గురుస్థానంలోకే వచ్చాడు. ఒక ఊళ్ళోని విశ్వాసి కుటుంబం, మరొక ఊళ్ళోని మేనమామ ఇల్లు, ఇంకొక ఊళ్ళోని వియ్యంకుని గడప: కొత్త విశ్వాసం వెళ్ళిన దారి ఇది. ఈ దారిలోనే తర్వాత సహాయమూ నడిచింది.

మూడు నియమాలు, ఊరి ప్రతిచర్య

కొత్తగా చేరినవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. పైకి ఇవి మతనియమాలు. పల్లె ఆర్థిక వ్యవస్థలో మాత్రం ఇవి పెద్ద కుదుపు తెచ్చాయి. మాదిగలు రైతులకు కపిలబానలు, చెప్పులు, ఎడ్ల పనిముట్లకు కావలసిన తోలు సామాను సమకూర్చేవారు. జాతరలలో డప్పు కొట్టేవారు. ప్రతిఫలంగా కళ్ళం వద్ద మేర, చచ్చిన పశువు తోలు, మాంసం వారికి దక్కేవి. జాతరకు డప్పు కొట్టనన్నా, ఆదివారం బాన కుట్టనన్నా, వెట్టికి రానన్నా అది ఊరి కట్టుబాటును ధిక్కరించడంగానే పెద్దలకు తోచింది. మేర నిలిచిపోవడం, అంగడిలో సరుకు దొరకకపోవడం, నీటికి అడ్డంకులు, దెబ్బలు, తప్పుడు ఫిర్యాదులు వారు ఎదుర్కొన్న శిక్షలలో కొన్ని.

ఈ దశలో విశ్వాసిగా ఉండటం లాభం తెచ్చే వ్యవహారం కాదు. మేర పోయిన కుటుంబానికి ఏడాది తిండి పోయినట్టే. దానిని ఒంటరిగా తట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. తమ పాలెంలో చాలినంతమంది ఒక్క మాట మీద నిలబడినచోటనే విశ్వాసం నిలిచింది. ఈ ఉద్యమంలో వ్యక్తులకంటే కుటుంబాలు, కుటుంబాలకంటే పాలేలు మూకుమ్మడిగా చేరడానికి కారణం ఇదే. దీనిని మందమనస్తత్వంగా చిత్రించిన వ్యాఖ్యాతలు ఉన్నారు. కానీ వెలి అనే ఆయుధం ఒక్కరి మీద పనిచేసినట్టు ఊరిలోని మాదిగలందరి మీదా పనిచేయదు. బానలు కుట్టే చేతులన్నీ ఒక్కటైతే రైతు మడికి నీరెక్కదు. సామూహికత్వం వారికి రక్షణ కవచం.

ఒంగోలులో నియతంగా జరిగే కూడికలు ఈ ఐక్యతకు మరో ఆలంబన. దూరపు ఊళ్ళ నుంచి జనం కాలినడకన గుంపులుగా వచ్చి, కలిసి వండుకుని, తమ కష్టాలు చెప్పుకునేవారు. ఏ ఊరి కరణం ఏమన్నాడో, ఏ పాలెం మీద దాడి జరిగిందో అందరికీ తెలిసేది. అధికారులకు అర్జీ పెట్టవలసిన సంగతులు క్లౌ చెవికి చేరేవి. చదువు రానివారికి ఆ కూడికే వార్తాపత్రిక, న్యాయసలహా, ఓదార్పు.

కాలువ గట్టు మీద

1876లో వానలు తప్పాయి. ఆ తెలుగు సంవత్సరం పేరు మీద ప్రజలు దానిని ధాత కరువు అన్నారు. గుంటూరు సీమను 1832–33లో నాశనం చేసిన నందన కరువు జ్ఞాపకం ఇంకా చెరగని ప్రాంతమది. 1878 వరకు సాగిన ఈ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ శిబిరాలలో పురుషుని దినకూలిని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై కొద్ది రొక్కానికి కుదించాడు. ఆ తిండితో కాయకష్టం చేసేవాడు బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ నిరసించాడు.

తొలి దెబ్బ తగిలింది భూమి లేనివారికి. రైతు కళ్ళమే వట్టిపోతే మేర ఎక్కడిది? ఈ పరిస్థితిలో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకున్నాడు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం అతనికి అక్కరకొచ్చింది. గుత్త అతనిదే అయినా, ఆ పని నడిచింది ప్రచారకుల చేతుల మీదుగా. వారు మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరు తాము ఎరిగిన ఊళ్ళకు కబురంపి జనాన్ని పిలిపించుకున్నారు, పని పంచారు, కూలి అందేలా చూశారు. కూలి మధ్యవర్తుల పాలుకాదన్న నమ్మకం దూరపు జనాన్ని రప్పించింది. ఆ నమ్మకం మేస్త్రీ ముఖపరిచయం నుంచి పుట్టింది. అతడు ఎవరికో అల్లుడు, ఎవరికో మేనల్లుడు. ప్రభుత్వ శిబిరాలకు లేని బలం ఇదే.

పగలు తవ్వకం, రాత్రి మాటలు. అలసినవారిని, బరువు మోసేవారిని తన వద్దకు రమ్మని క్రీస్తు పిలిచే మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం ఆ శిబిరంలో పదే పదే వినిపించిందని క్లౌ చెబుతాడు. రోజంతా తల మీద మట్టితట్ట మోసినవారికి ఆ వాక్యంలోని బరువు అలంకారం కాదు. శిబిరంలో కలరా చెలరేగింది. వచ్చినవారందరూ తిరిగి వెళ్ళలేదు. చావుల నడుమ పక్కనున్నవారిని కనిపెట్టి ఉండటమే ఆనాటి బోధలో పెద్ద భాగమైంది. కాలువ మీద పని చేసి వెళ్ళినవారు తమ ఊళ్ళలో చెప్పినది సిద్ధాంతాన్ని గురించి తక్కువ, తమను మనుషులుగా చూసిన తీరును గురించి ఎక్కువ.

బాప్తిస్మం ఆగిన పదిహేను నెలలు

‘కూటి క్రైస్తవులు’ అన్న ఆరోపణను పరీక్షించడానికి కాలక్రమమే తగిన సాధనం. కరువు సహాయం సాగినంత కాలం, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న నింద రాకూడదన్నది అతని ఉద్దేశం. కూలి దొరికిన రోజుల్లో బాప్తిస్మం లేదు; బాప్తిస్మం మొదలైన నాటికి ఇవ్వడానికి సహాయం లేదు. వెల్లంపల్లిలో గుమిగూడిన జనానికి ఇక ధనసహాయం ఉండదని క్లౌ స్పష్టంగా చెప్పాడు. తమ రెక్కల మీద తాము బతుకుతామని, వచ్చే పంట కూడా పోయి చావవలసివస్తే విశ్వాసులుగానే చస్తామని వారు బదులిచ్చినట్లు అతని కథనం.

ఆ కథనాన్ని కొంత తగ్గించి చదివినా, జరిగిన పద్ధతి ఒక సాక్ష్యం. బాప్తిస్మం పొందగోరినవారిని వారి వారి ప్రచారకులే ఎరిగి, విచారించి ముందుకు తెచ్చారు. జూలై 3న నదిలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు ప్రచారకులు. ఇద్దరు చొప్పున వంతులవారీగా దిగారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. కొద్ది వారాలలోనే ఈ సంఖ్య ఎనిమిది వేలు దాటింది. పదేళ్ళుగా అల్లుకున్న సంబంధాలు లేకుంటే అంతమందిని ఎరిగి పేరు పెట్టి పిలవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. తిండి ఆశ ఎవరిలోనూ లేదని దీని అర్థం కాదు. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టిన చేతిని నమ్మడం సహజం. కానీ ఆ నమ్మకాన్ని లంచంగా వర్ణించేవారు, అదే మాదిగలు విశ్వాసం కోసం కరువుకు ముందే కళ్ళం మేరను వదులుకున్న సంగతిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆదరణకు ఎల్లలు

ఈ ఆదరణను ఆదర్శీకరించడం కూడా చరిత్రకు న్యాయం చేయదు. బంధుత్వం దాని బలమైతే, బంధుత్వమే దాని ఎల్ల. ఒంగోలు సంఘం ప్రధానంగా మాదిగ సంఘంగానే ఎదిగింది. మరికొన్ని మిషన్లలో మాలలు అధిక సంఖ్యలో చేరారు. ఒకే దేవుణ్ణి కొలిచే రెండు గూడేలు వేర్వేరు సంఘాలలో ఉండిపోయాయి. కుల సంబంధాల మీద వ్యాపించిన విశ్వాసం కులపు గీతను చెరపడంలో వెనుకబడింది. 1933లో జె. డబ్ల్యు. పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరీకరణలపై వెలువరించిన అధ్యయనం నుంచి ఈ ప్రశ్న చర్చలో ఉంది.

రెండవ ఎల్ల సాహిత్యానికి సంబంధించినది. ఆపదలో ఆదుకునే సమాజం తనకు భిన్నంగా ఆలోచించేవారిని ఎలా చూస్తుంది? 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించిన గుర్రం జాషువా, పురాణ సంప్రదాయంలో కవిత్వం రాసినందుకు క్రైస్తవ పెద్దల ఆగ్రహానికి గురయ్యాడు. కులం పేరిట సవర్ణ సమాజం అవమానాలను భరించాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో అరుంధతీ సుతుడు తన గోడు వినిపించడానికి మనిషిని కాక పక్షి వంటి జీవిని ఎంచుకోవలసివచ్చింది. ఆకలిని పంచుకున్న సంఘం, ఒంటరి గొంతును పంచుకోలేకపోయిన సందర్భమిది.

ముగింపు

ఒంగోలు ఉదంతంలో కరువు సహాయానికి ధనం, గుత్త మిషనరీ వైపు నుంచి వచ్చాయి. వాటిని ఆకలిగొన్న కుటుంబం దాకా చేర్చిన దారి మాత్రం మాదిగ విశ్వాసులు వేసుకున్నది. తోళ్ళ వ్యాపారం, వియ్యాలు, గురుసేవ, కూడికలు కలిసి ఆ దారిని పరిచాయి. కరువుకు ముందు వెలిని తట్టుకున్నది, కరువులో కూలిని పంచినది, కరువు తర్వాత వేలమందిని పేరుపేరునా గుర్తించినది ఈ వ్యవస్థే. దీనిని గుర్తించినప్పుడు 2,222 అనే సంఖ్య మిషన్ విజయచిహ్నంగానో, గంజి లెక్కగానో మిగలదు. తమవారిని వదలని మనుషుల జాబితాగా దానిని చదవవచ్చు. ఆంగ్ల గ్రంథాలలో నిక్షిప్తమైన ఆ ప్రచారకుల జీవితకథలను, ప్రకాశం జిల్లా పాలేలలో నేటికీ మిగిలిన మౌఖిక జ్ఞాపకాలతో సరిపోల్చి తెలుగులోకి తిరిగి తెచ్చుకోవలసి ఉంది. ఆ పని జరిగినప్పుడే పేరయ్య, నాగమ్మల మాట వారి భాషలో వినిపించే వీలు కలుగుతుంది.