వేలిముద్రల కాగితం
(మాయా మూర్ ఆట విడిచిన చరిత్ర)

2019 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి మాయా మూర్ ఆ యేడు తాను ఆడబోనని ప్రకటించింది. అప్పటికామె వయసు 29. మిన్నెసోటా లింక్స్ జట్టు 2011, 2013, 2015, 2017 సంవత్సరాలలో నాలుగుసార్లు లీగు విజేత కావడానికి ముఖ్యకారకురాలు. 2014లో లీగు మొత్తంలో అత్యుత్తమ క్రీడాకారిణి. లండన్, రియో ఒలింపిక్సులలో స్వర్ణపతకాలు గెలిచిన జట్టులో సభ్యురాలు. అటువంటి మనిషి ఆట మాని, మిసోరీ రాష్ట్రపు జైలులో ఉన్న జొనాథన్ ఐరన్స్ అనే నల్లజాతి ఖైదీ విడుదలకోసం పనిచేయడానికి పూనుకుంది.

ఈ సంగతి నేను తరగతిలో చెప్పినప్పుడల్లా విద్యార్థులు మొట్టమొదట అనే మాట "త్యాగం". ఆ మాట అబద్ధమని నేననను. కాని దానివల్ల చూపంతా వదులుకున్న మనిషిమీదే నిలిచిపోతుంది. ఆమె దేనితో తలపడిందో ఎవరికీ కనిపించదు. చరిత్ర చదివేవాళ్ళం గనుక మనం ముందు కేసు కాగితాలు చూడాలి.

1997 జనవరిలో మిసోరీలోని సెయింట్ చార్లెస్ కౌంటీలో, ఓఫాలన్ పట్టణంలో, ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. ఇంటి యజమానిని తుపాకితో కాల్చారు. తీవ్రంగా గాయపడి బ్రతికాడు. ఐరన్స్‌ను పట్టుకున్నారు. వాడికి అప్పుడు 16 ఏళ్ళు. అయినా పెద్దవాళ్ళ కోర్టులోనే విచారించారు. వేలిముద్ర లేదు, కాలిముద్ర లేదు, రక్తపు మరక లేదు. ఉన్నవి రెండే: గాయపడిన మనిషి గుర్తుపట్టడం, పిల్లవాడు తనవద్ద నేరం ఒప్పుకున్నాడని ఒక పోలీసు అధికారి చెప్పడం. ఆ ఒప్పుకోలు రికార్డు కాలేదు. ఆ గదిలో మూడోమనిషి లేడు. తాను ఒప్పుకోలేదని ఐరన్స్ మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. 1998లో అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది. శిక్ష 50 ఏళ్ళు.

నిజానికి ఆ ఇంట్లో వేలిముద్రలు దొరికాయి. అవి యజమానివీ కావు, ఐరన్స్‌వీ కావు. ఆ సంగతి నమోదైన నివేదిక ఒకటుంది. అది ముద్దాయి తరఫు న్యాయవాదికి అందలేదు. ముద్దాయికి ఉపకరించే సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచరాదని అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే, బ్రేడీ కేసులో, తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన 35 ఏళ్ళకు జరిగిన విచారణ ఇది! చట్టం పుస్తకంలో ఉండడం వేరు, కౌంటీ కచేరీలో ఉండడం వేరు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మిసోరీ సామాన్యమైన చోటు కాదు. 1821లో బానిసత్వాన్ని ఉంచుకునే యూనియన్‌లో చేరిన రాష్ట్రమది. డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోరుతూ 1846లో దావా వేసింది అక్కడి సెయింట్ లూయీలోనే. 1857లో సుప్రీంకోర్టు అతడికి పౌరసత్వమే లేదన్నది. ఐరన్స్ విచారణ జరిగిన కౌంటీ ఆ సెయింట్ లూయీకి పొరుగునే ఉంది, తెల్లవాళ్ళు అత్యధికంగా నివసించే ప్రాంతం. 1970ల మొదట్లో అమెరికా రాష్ట్ర, ఫెడరల్ జైళ్ళలో ఉన్నవాళ్ళు సుమారు 2 లక్షలు. 2009 నాటికి వాళ్ళు సుమారు 16 లక్షలు. ఐరన్స్ లోపలికి వెళ్ళింది ఈ వరద మధ్యలో.

ఇక్కడ ప్రాసిక్యూటరు సంగతి కాస్త వివరించాలి. మన దేశంలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ని ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలలో కౌంటీ ప్రాసిక్యూటరు వోట్లు తెచ్చుకుని గెలిచిన నాయకుడు. ఎవరిమీద ఏ నేరం మోపాలి, ఏ బేరం పెట్టాలి, పదహారేళ్ళవాడిమీద ఎంత గట్టిగా విరుచుకుపడాలి అనే నిర్ణయాలలో అతడి మాటకు చాలా బరువుంది. అక్కడ శిక్షలలో నూటికి 90కి పైగా అసలు విచారణే లేకుండా, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామన్న బేరంతో ముగిసిపోతాయి. కఠినుడనిపించుకుంటే వోట్లు పడతాయి. తప్పు ఒప్పుకున్నందుకు వోట్లు పడిన సందర్భాలు అరుదు. మూర్ తన ఉద్యమానికి గురిగా ప్రాసిక్యూటర్ల ప్రవర్తననే ఎంచుకోవడం ఆమె చదువుకు గుర్తు. జైలరు క్రూరత్వం గురించి మాట్లాడితే చప్పట్లు తేలికగా వస్తాయి. ఆమె సంతకం పెట్టే బల్లదాకా వెళ్ళింది.

ఆమె ఐరన్స్‌ను మొదట చూసింది 2007లో, కనెక్టికట్ యూనివర్సిటీలో చేరబోయే ముందు. చర్చి తరఫున జైలుకు వెళ్ళే బంధువుల ద్వారా పరిచయం. ఆ బంధువులే పాత రికార్డులు తిరగేసి కేసులోని లొసుగులు బయటపెట్టారు. మూర్ దైవభక్తురాలు, తన పనికి మూలం విశ్వాసమేనని దాచుకోలేదు. మన పాఠకులలో కొందరికి ఇది మింగుడు పడకపోవచ్చు. నాకు మాత్రం, ఏ తలుపునుంచి వచ్చిందన్నదానికంటె ఏ కాగితం చేతిలో పట్టుకుందన్నది ముఖ్యం. 2016 జులైలో పోలీసు కాల్పులలో ఇద్దరు నల్లజాతివాళ్ళు మరణించినప్పుడు లింక్స్ క్రీడాకారిణులు వాళ్ళ పేర్లున్న నల్ల చొక్కాలు తొడుక్కున్నారు. అదే చొక్కామీద, డల్లస్‌లో హత్యకు గురైన పోలీసులకు గౌరవంగా ఆ నగర పోలీసు చిహ్నం కూడా ఉంది. అయినా అక్కడ కాపలా ఉన్న పోలీసులు కొందరు పని వదిలి వెళ్ళిపోయారు.

ఆమె వదులుకున్నది ఎంత అని అడిగేవాళ్ళకు ఒక మాట. ఆ లీగులో అప్పటి గరిష్ఠ జీతం లక్షా ఇరవైవేల డాలర్ల లోపే. పురుషుల లీగులో కొత్తవాడి కనిష్ఠ జీతం దానికి అనేక రెట్లు. అందుచేత క్రీడాకారిణులు శీతకాలంలో చైనాకో రష్యాకో వెళ్ళి ఆడేవారు. మూర్ కూడా వెళ్ళింది. ఆడదాని శ్రమకు అక్కడా అదే తూకం.

క్రీడాకారులు పాలకవర్గంతో తలపడడం కొత్త కాదు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ వీరుడైన పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950 నుంచి 1958 దాకా తొక్కిపట్టారు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో మహమ్మదాలీ బిరుదు లాక్కున్నారు. 1968లో మెక్సికోలో పిడికిలెత్తిన స్మిత్, కార్లోస్‌లను ఒలింపిక్సునుంచి పంపేశారు. వాళ్ళను మైదానంనుంచి గెంటారు. మూర్‌ను ఎవరూ గెంటలేదు, తనంతట తానే బయటికి నడిచింది. ఒలింపిక్సుకు కూడా పోనని 2020 జనవరిలో మళ్ళీ చెప్పింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొక పోలిక. 1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో విచారించిన తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్ళలో ఎనిమిదిమందిని తెల్లవాళ్ళ జ్యూరీలు దోషులన్నాయి, ఆ ఎనిమిదిమందికీ మరణశిక్ష పడింది. వాళ్ళకోసం నిలబడింది కమ్యూనిస్టులు నడిపిన కార్మిక రక్షణ సంఘం. సభలు, ఊరేగింపులు సముద్రాలు దాటాయి. నల్లవాళ్ళను జ్యూరీ పట్టికలనుంచి తొలగించడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో సుప్రీంకోర్టుచేత చెప్పించింది ఆ ఒత్తిడే. 63 ఏళ్ళ తరువాత ఐరన్స్ ఎదుట మళ్ళీ అదే రంగు జ్యూరీ. ఈసారి ఊరేగింపు లేదు. కొన్నేళ్ళపాటు ఒక కుటుంబం, తరువాత ఒక క్రీడాకారిణి. సంఘం ఉండవలసిన చోట ఒక ప్రసిద్ధ నామం నిలబడవలసి వచ్చింది. ఆ పేరు పలకగలవాళ్ళు బయట లేని ఖైదీ వేలిముద్రల కాగితాన్ని ఎవరు వెతుకుతారు? ఆమె చేసినది వ్యక్తిగతమైన మేలు మాత్రమేనని కొట్టిపారేసే మిత్రులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. విగ్రహం కట్టి దండ వేసే మిత్రులు కూడా చెప్పాలి.

2020 మార్చిలో జెఫర్సన్ సిటీలోని కోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. కారణం, ఆ దాచిన నివేదికే. జెఫర్సన్ సిటీ మూర్ పుట్టిన ఊరు. ఐరన్స్ ఉన్న జైలూ అక్కడిదే. అంతటితో తలుపులు తెరుచుకున్నాయనుకుంటే పొరపాటు. రాష్ట్ర అటార్నీ జనరల్ అప్పీలుకు పోయాడు. కరోనా జైళ్ళలో పాకుతున్న నెలలవి. పైకోర్టులు ఒప్పుకోలేదు, కౌంటీ ప్రాసిక్యూటరు తిరిగి విచారణ జరపబోనన్నాడు. జులై 1న ఐరన్స్ బయటికి వచ్చాడు. పదహారేళ్ళకు లోపలికి పోయినవాడు నలభయ్యవ యేట ఎండ చూశాడు. తరువాత వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 2023 జనవరిలో మూర్ ఆటకు శాశ్వతంగా స్వస్తి చెప్పింది.

1997లో ఆ ఇంటి యజమానిని కాల్చినదెవరో ఏ కోర్టూ తేల్చలేదు.